సభ ఎక్కడో, బస ఎక్కడో

సాంకేతిక సదస్సుకు వెళ్ళాలనుకున్నవారు మొదట వక్తల జాబితా చూస్తారు, ఆ తరువాత ప్రవేశ రుసుము చూస్తారు, బస సంగతి మాత్రం చివరి వారానికి వాయిదా వేస్తారు. ఈ వరుసను తిరగవేయాలన్నది నా అభిప్రాయం. ప్రసంగాల్లో చాలావాటిని నిర్వాహకులే కొన్ని వారాల తరువాత యూట్యూబ్‌లో పెడతారు కనుక వాటికోసం పరుగులు తీయనక్కరలేదు. హాలు బయట, టీ బల్ల దగ్గర, ఒక ప్రాజెక్టును ఏళ్ళ తరబడి మోస్తున్న మనిషి తన కోడును అలా ఎందుకు రాయవలసివచ్చిందో తీరిగ్గా చెప్పే మాటలు మాత్రం ఎక్కడా రికార్డు కావు. ఆ మాటలకు కావలసిన సమయమూ ఓపికా రోజూ రోడ్డు మీదే ఖర్చయిపోతే సదస్సుకు వెళ్ళి కూడా వెళ్ళనట్టే. అందుకే నేను ఏ నగరానికి వెళ్ళినా సభాస్థలికి దగ్గరలో గది వెతకడం మానేసి, అక్కడికి వెళ్ళే మెట్రో దారి మీద ఏ స్టేషను దగ్గర ఉంటే బాగుంటుందో చూసుకుంటున్నాను. పెద్ద ప్రదర్శనశాలలు ఊరి చివర ఉంటాయి. ఆ చుట్టుపక్కల గదులు తక్కువ, సదస్సు రోజుల్లో వాటి అద్దెలు ఎక్కువ, రాత్రి ఎనిమిది దాటితే నడిచి వెళ్ళి భోజనం చేయడానికి చోటు దొరకడం కష్టం.

ఈ పద్ధతి అన్నిటికంటే బాగా పనిచేసేది బెంగళూరులో. మన దేశంలో సాంకేతిక సభలకు బెంగళూరు పుట్టిల్లు వంటిది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాడేవారి వార్షిక సదస్సు పైకాన్ ఇండియా 2009లో అక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలోనే మొదలై, పుణె, ఢిల్లీ, హైదరాబాద్, చెన్నై తిరిగి, 2024లో మళ్ళీ బెంగళూరుకే చేరి, హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ కన్వెన్షన్ సెంటర్‌లో జరిగింది. పెద్ద ప్రదర్శనలకు వేదికైన బీఐఈసీ (బెంగళూరు ఇంటర్నేషనల్ ఎగ్జిబిషన్ సెంటర్) మాత్రం ఊరికి మరో కొసన, తుమకూరు రోడ్డు మీద మాదావర దగ్గర ఉంది. 2024 నవంబరు 7 వరకు మెట్రో నాగసంద్రతో ఆగిపోయేది. అక్కడినుంచి ఆటో కోసం బేరమాడుతూ నిలబడవలసివచ్చేది. ఇప్పుడు గ్రీన్ లైన్ మాదావర దాకా వెళ్తున్నది, స్టేషను దిగితే ప్రదర్శనశాల పక్కనే. ఏళ్ళ తరబడి బెంగళూరు ప్యాలెస్‌లో జరిగిన బెంగళూరు టెక్ సమ్మిట్ 2025లో ఇక్కడికి మారింది.

ఈ గ్రీన్ లైన్ మీదే యశ్వంతపురం, మల్లేశ్వరానికి దగ్గరైన సంపిగె రోడ్డు, మెజెస్టిక్, లాల్‌బాగ్, జయనగర్ వరుసగా వస్తాయి. అందువల్ల వీటిలో ఎక్కడ గది తీసుకున్నా ఉత్తరాన బీఐఈసీకి మెట్రోలో నేరుగా వెళ్ళవచ్చు. నిమ్హాన్స్ వైపు సభ ఉంటే లాల్‌బాగ్‌లో దిగి కొద్దిపాటి ఆటో ప్రయాణంతో చేరవచ్చు. హైదరాబాదు నుంచి వెళ్ళేవారికి యశ్వంతపురం మరీ అనుకూలం. 2023 సెప్టెంబరు 24న మొదలైన కాచిగూడ–యశ్వంతపురం వందే భారత్ ఉదయాన్నే బయలుదేరి, మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం, ధర్మవరం మీదుగా మధ్యాహ్నానికి అక్కడికి చేరుతుంది. రైలు స్టేషను పక్కనే మెట్రో ఉంది. విమానంలో వెళ్ళడం గొప్పగా కనిపిస్తుంది గానీ, శంషాబాదు చేరడం, అక్కడి నిరీక్షణ, దేవనహళ్ళి నుంచి ఊళ్ళోకి వాయు వజ్ర బస్సు ప్రయాణం అన్నీ కలుపుకుంటే మిగిలే సమయం కొద్దిపాటిదే; అదీ రైలులో చదువుకోవడానికి దొరికే సమయంతో పోలిస్తే నాకు లాభంగా తోచలేదు.

ఇక గదుల సంగతి. సభకు వెళ్ళేవాడికి కావలసిన గది వేరు, విహారానికి వెళ్ళేవాడికి కావలసిన గది వేరు. పగలు విన్నది ఆ రాత్రే రాసిపెట్టుకోకపోతే మర్నాటికి సగం ఆవిరైపోతుంది కనుక నాకు మొదట కావలసింది ఒక బల్ల, దానికి తగిన కుర్చీ, బల్లకు అందే దూరంలో ప్లగ్గు. చాలా హోటళ్ళ చిత్రాల్లో మంచం, తెరలు, అద్దం కనిపిస్తాయి కానీ బల్ల కనిపించదు. అందుకని ఫోను చేసి అడుగుతాను. ఒక లాడ్జీలో రిసెప్షనులోని వ్యక్తి నా ప్రశ్నకు ఎంతో ఆశ్చర్యపోయి, పై అంతస్తు నుంచి భోజనాల బల్ల ఒకటి మోయించి గదిలో వేయించాడు. అంతకు మూడింతలు అద్దె తీసుకునే హోటలు ఒకటి మాత్రం బల్ల స్థానంలో ఇస్త్రీ చెక్కను చూపించింది. రెండవది, గదిలోకి దిగే వేళ. రాత్రి రైళ్ళు తెల్లవారుజామున దింపుతాయి, హోటళ్ళలో మధ్యాహ్నం పన్నెండుకు గాని గది ఇవ్వరు. ఈ విషయంలో పాతకాలపు లాడ్జీలే నయం. అక్కడ దిగిన వేళ నుంచి 24 గంటల లెక్క. అది కుదరనప్పుడు ఖరారైన టికెట్టు పీఎన్‌ఆర్ మీద రైల్వే రిటైరింగ్ రూమును ముందే బుక్ చేసుకుని, స్నానం ముగించి నేరుగా సభకు వెళ్ళడం మంచి ఏర్పాటు. రైలు టికెట్లు 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటున్నాయి కనుక, సభ తేదీలు ప్రకటించగానే ఆ రోజును క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడం మేలు. అద్దె విషయంలో ఈమధ్య కలిగిన చిన్న ఊరట, రోజుకు 7,500 రూపాయల లోపు గదులపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగడం.

హైదరాబాదులో పెద్ద సభలకు మాదాపూర్ వైపున్న హెచ్ఐసీసీ (హైదరాబాద్ ఇంటర్నేషనల్ కన్వెన్షన్ సెంటర్) వేదిక. 2006లో తెరుచుకున్న ఈ భవనంలోనే 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల శిఖరాగ్ర సదస్సు, 2018లో ప్రపంచ ఐటీ మహాసభ, అదే ఏడాది పైకాన్ ఇండియా జరిగాయి. ఆవరణలోనే హోటలు ఉండడం కంపెనీ ఖర్చుతో వచ్చేవారికి సౌకర్యమే. సొంత డబ్బుతో వచ్చేవారికి నా సలహా అమీర్‌పేట. మెట్రో రెడ్, బ్లూ లైన్లు రెండూ అక్కడ కలుస్తాయి. బ్లూ లైన్‌లో హైటెక్ సిటీ లేదా రాయదుర్గం, రెడ్ లైన్‌లో 2023 పైకాన్‌కు వేదికైన జేఎన్‌టీయూ, ఏదైనా రైలు మారకుండా వెళ్ళవచ్చు. కోర్సుల కోసం వచ్చే పిల్లల వల్ల హాస్టళ్ళు, మెస్సులు కోకొల్లలు. వేదిక మీద మాట్లాడే సీనియర్లలో ఎందరు ఒకప్పుడు అక్కడి హాస్టల్ గదుల్లో జావా నేర్చుకున్నవారో లెక్క తీస్తే బాగుంటుంది. హైటెక్ సిటీ స్టేషను నుంచి హెచ్ఐసీసీ వరకు మిగిలిన కొద్ది కిలోమీటర్లే ఇబ్బంది. ఉదయం తొమ్మిది, పది మధ్య ఆ దారిలో కారు కన్నా బైక్ ట్యాక్సీ త్వరగా చేరుస్తుంది.

ఢిల్లీలో రెండు వేదికలు. ప్రగతి మైదానంలోని భారత్ మండపాన్ని 2023 జూలై 26న, ద్వారక సెక్టార్ 25లోని యశోభూమిని అదే ఏడాది సెప్టెంబరు 17న ప్రారంభించారు. టెలికాం రంగపు సదస్సు ఇండియా మొబైల్ కాంగ్రెస్ 2023, 2024 సంవత్సరాల్లో మొదటిదానిలో, 2025లో రెండవదానిలో జరిగింది. యశోభూమికి ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ మెట్రో వేసి ఉంది, న్యూఢిల్లీ రైల్వే స్టేషను నుంచి అది అరగంట లోపే చేరుస్తుంది. బస కరోల్ బాగ్‌లో ఉంటే బ్లూ లైన్‌లో ఒకవైపు సుప్రీంకోర్టు స్టేషనులో దిగి భారత్ మండపానికి, మరోవైపు ద్వారక సెక్టార్ 21 దాకా వెళ్ళి అక్కడ మారి యశోభూమికి చేరవచ్చు. ప్రధానమంత్రి ప్రారంభించే సభలకు తొలిరోజు ఉదయం వెళ్ళడం కన్నా రెండవ రోజు వెళ్ళడం ఉత్తమం. భద్రతా తనిఖీల వరుసలోనే ఆ పూట గడిచిపోతుంది. ఖాళీ దొరికిన పూట భారత్ మండపం పక్కనే ఉన్న జాతీయ విజ్ఞాన కేంద్రాన్ని, పురానా కిలాను చూడవచ్చు. భోజనానికి ఆంధ్రా భవన్ క్యాంటీన్ దూరం కాదు. అక్కడి పప్పు, గోంగూర కోసం బారులు తీరే జనంలో తెలుగు రానివారే ఎక్కువ.

సభాస్థలుల్లో అందే సేవల గురించి ఒక మాట చెప్పాలి. దాదాపు ప్రతి సదస్సులోనూ వైఫై మీద ఫిర్యాదు వినిపిస్తుంది, అయితే తప్పంతా నిర్వాహకులదే కాదు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీలో ఒకదానితో ఒకటి తగలని ఛానెళ్ళు 1, 6, 11 అనే మూడే. వందలమంది ఒక హాలులో కూర్చుని, వైఫై నెమ్మదించగానే ఎవరి ఫోనులో వారు హాట్‌స్పాట్ తెరిస్తే, ఆ హాట్‌స్పాట్‌లే ఉన్న కాస్త దారినీ మూసేస్తాయి. ఫోనును యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కు కలుపుకుంటే తనకూ పని జరుగుతుంది, పక్కవారికీ అడ్డు తగలదు. వైఫై కన్నా నేను పట్టించుకునేది సామాను గది. చివరి రోజు ఉదయమే గది ఖాళీ చేసి సంచితో సభకు రావడం అందరికీ తప్పదు. దాన్ని భద్రపరిచే చోటు ఉన్న సదస్సులో సాయంత్రం దాకా జనం ఉంటారు, లేనిచోట మధ్యాహ్న భోజనం కాగానే హాలు పలచబడుతుంది. నిర్వాహకులు బహుమతి సంచుల మీద పెట్టే ఖర్చులో కొంత దీనికి మళ్ళిస్తే చివరి వక్తకు శ్రోతలు మిగులుతారు.

విహారాల విషయంలో, సభ పేరుతో వెళ్ళి ఊరంతా చుట్టబెట్టాలనుకోవడం నాకు నచ్చదు. సదస్సు ముగిసిన మర్నాడు తెల్లవారుజామున నందికొండకు (నంది హిల్స్) వెళ్ళడం బెంగళూరులో ఒక ఆచారమైపోయింది. 1,478 మీటర్ల ఎత్తున సూర్యోదయం అందమైనదే, కానీ శని, ఆదివారాల్లో ఆ ఘాట్ రోడ్డు మీద వాహనాల బారులోనే సూర్యుడు ఉదయించేస్తాడు. నిమ్హాన్స్ నుంచి లాల్‌బాగ్‌కు వెళ్ళి, సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటి రాతిగుట్ట మీద కూర్చుంటే గంటలో మనసు తేలికపడుతుంది. కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియంలో రైట్ సోదరుల విమానానికి పూర్తి పరిమాణంలో చేసిన నమూనా ఉంది. పిల్లల మ్యూజియం అని తీసిపారేయకుండా ఇంజనీర్లు కూడా చూడవలసినది.

నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చినది చెన్నైలోని పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) కొండ. 2019 పైకాన్, తరువాత తమిళనాడు ప్రభుత్వ ఉమాజిన్ సదస్సులు జరిగిన చెన్నై ట్రేడ్ సెంటర్ నందంబాక్కంలో ఉంది, ఈ కొండ అక్కడికి చాలా దగ్గర. తెలుగు ప్రాంతాల నుంచి వచ్చే రైళ్ళు ఎక్కువగా సెంట్రల్‌లో దింపుతాయి, అక్కడినుంచి మెట్రో గ్రీన్ లైన్‌లో ఆలందూరు దాకా మారకుండా రావచ్చు కనుక బస ఆలందూరులోనే చూసుకుంటాను. కొండ మీది చర్చి కోసం యాత్రికులు వస్తారు. సాంకేతిక రంగం వారు అక్కడికి వెళ్ళడానికి మరో కారణం ఉంది. 1802 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ ఈ కొండ దగ్గర మొదలుపెట్టి, దక్షిణాన సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచాడు. ఉపఖండమంతటినీ త్రిభుజాలుగా విడదీసి కొలిచిన మహా త్రికోణమితి సర్వే ఆ రేఖ మీదనే మొదలైంది. ఎండకు గొలుసు సాగితే లెక్క తప్పుతుందని ఉష్ణోగ్రతను నమోదు చేసుకుంటూ, దానికి తగిన సవరణ చేసుకుంటూ కొలిచారు. సభలో మధ్యాహ్నం దత్తాంశాల నాణ్యత గురించి విని, సాయంత్రం ఆ కొండెక్కి దక్షిణం వైపు చూస్తే, ఆ ప్రసంగంలో చెప్పని సంగతి ఏమైనా మిగిలిందా అనిపించింది.

కొచ్చి సంగతి వేరు. డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమును తయారుచేసేవారి వార్షిక సమావేశమైన డెబ్‌కాన్ 2023 సెప్టెంబరులో అక్కడి ఇన్ఫోపార్కు అనే ఐటీ సముదాయం ప్రాంతంలో జరిగింది. ఆ సమావేశాల్లో వారం మధ్యలో ఒక రోజును విహారానికే కేటాయించడం సంప్రదాయం. చివర్లో అలసిపోయాక తిరగడం కన్నా ఇది తెలివైన ఏర్పాటు, కొత్తవారికి పాతవారితో మాట కలిసేది ఆ రోజే. ఇన్ఫోపార్కు ఉన్న కాక్కనాడ్‌కు రోడ్డు దారి రద్దీగా ఉంటుంది కానీ, 2023 ఏప్రిల్ నుంచి వైట్టిల–కాక్కనాడ్ మధ్య వాటర్ మెట్రో నడుస్తున్నది. కొచ్చిన్ షిప్‌యార్డులో కట్టిన బ్యాటరీ పడవలు, చల్లని గది, చప్పుడు లేని ప్రయాణం, రేవు నుంచి బస్సు. సికింద్రాబాదు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం టౌన్‌లో దిగితే దగ్గరలోని టౌన్‌హాల్ స్టేషను నుంచి మెట్రో నేరుగా వైట్టిలకు వస్తుంది. కాబట్టి కాక్కనాడ్‌లో ఎంత పెద్ద హోటలు తగ్గింపు ఇచ్చినా, అక్కడ సభ ఉంటే నేను గది వైట్టిలలోనే తీసుకుంటాను.