ప్లేస్‌మెంట్ ఇయర్ రివ్యూ: ఐదుకి నాలుగు, కోసిన ఒకటీ యూనివర్సిటీ ఖాతాలో

ప్లేస్‌మెంట్ అనగానే మనవాళ్లు క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చిందనుకుంటారు, ఇది అది కాదు. డిగ్రీ చివరి ఏడాదికి ముందు చదువు ఆపి, ఒక పూర్తి సంవత్సరం ఏదైనా కంపెనీలో జీతానికి పనిచేసి, మళ్లీ వచ్చి క్లాసులో కూర్చోవడం. బ్రిటన్‌లో శాండ్‌విచ్ ఇయర్ అంటారు. కెనడా, అమెరికాల్లో కో-ఆప్ అనేది దీనికి దగ్గరి చుట్టం, కాకపోతే అక్కడ కొన్ని నెలలు చదువు, కొన్ని నెలలు పని అని మార్చి మార్చి నడుస్తుంది. నేను మెకానికల్ స్టూడెంట్‌ని, పంపులు తయారుచేసే ఒక మధ్యరకం కంపెనీ డిజైన్ విభాగంలో చేశాను.

ముందు అప్లికేషన్ల సంగతి. యూనివర్సిటీ వాళ్లే తీసుకెళ్లి ఏదో కంపెనీలో కూర్చోబెడతారని నేను హాయిగా ఉన్నాను, అలా ఏం ఉండదు, ఖాళీల జాబితా ఇస్తారు, సీవీ దిద్దిపెడతారు, అంతే, వెతుక్కోవాల్సింది మనమే. పెద్ద కంపెనీలు దాదాపు ఏడాది ముందే తలుపులు తీసి, సరిపడా అప్లికేషన్లు రాగానే చెప్పిన తేదీకంటే ముందే మూసేస్తాయి. ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత ఎదురుగా మనిషే లేకుండా కెమెరాతో మాట్లాడే ఇంటర్వ్యూ (నా జీవితంలో ఇంతకంటే పిచ్చిగా ఎప్పుడూ అనిపించలేదు), ఆ తర్వాత నలుగురైదుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఏదో సమస్య ఇచ్చి గమనించడం. అక్కడ ఎక్కువ మాట్లాడినవాడే గెలుస్తాడనుకుని నేను ఒకచోట వాగి వాగి పోగొట్టుకున్నాను. సీవీ దిద్దిన ఆవిడ మాత్రం బంగారం, నా రెండు పేజీలని ఒకటి చేసి, "టీమ్ వర్క్ బాగా చేస్తాను" అన్న లైను కొట్టేసి, కాలేజీ ప్రాజెక్టులో నా చేత్తో నేను ఏం చేశానో రాయించింది. ఇంటర్వ్యూలు రావడం ఆ తర్వాతే మొదలైంది.

ఇక అసలు ఏడాది. మొదటి మూడు నెలలు మనవల్ల కంపెనీకి పైసా లాభం ఉండదు, ఈ మాట ముందే తెలిసుంటే నాకు అంత టెన్షన్ ఉండేది కాదు. పాత డ్రాయింగ్‌లు వెతకడం, పార్ట్ నంబర్లు సరిచూడటం, మీటింగ్‌లో అర్థంకాని పొట్టి పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుని తర్వాత ఎవరినైనా అడగటం. రెండో నెలలో ఒక చిన్న కవర్ ప్లేట్ డ్రాయింగ్ ఇచ్చారు. ఆరు రంధ్రాలు, ఎం8 బోల్టులు (అంటే 8 మిల్లీమీటర్ల మందంవి) దూరడానికి, 9 మిల్లీమీటర్లవి. పక్కనున్న బేరింగ్ (తిరిగే షాఫ్ట్‌ని మోసే భాగం, కచ్చితంగా సరిపోవాలి) డ్రాయింగ్ చూసి అదే పద్ధతిలో రంధ్రాలకి ప్లస్ ఆర్ మైనస్ 0.01 అని టాలరెన్స్ (కొలత ఎంత అటూ ఇటూ అయినా ఫర్వాలేదో చెప్పే హద్దు) రాసేశాను, ఎంత కచ్చితంగా ఉంటే అంత గొప్ప అనుకున్నాను మరి. పైవాళ్లు కూడా చూసి సంతకం పెట్టేశారు.

అది తొమ్మిదో నెలలో తిరిగొచ్చింది. ఆర్డర్ వచ్చి ప్లేట్లు తయారీకి వెళ్తే, మెషిన్ షాప్ నుంచి ఒక పెద్దాయన డ్రాయింగ్ పట్టుకుని మెట్లెక్కి వచ్చి, ఇది గీసిందెవరని అడిగి, "ఇందులో బోల్టు పెడతావా, బేరింగ్ పెడతావా?" అన్నాడు. మామూలు డ్రిల్‌తో క్షణంలో అయిపోయే రంధ్రానికి నేను అడిగిన కొలత రావాలంటే డ్రిల్ చేశాక రీమర్ (రంధ్రాన్ని కాస్త చెక్కి కచ్చితమైన కొలతకి తెచ్చే పనిముట్టు) వేయాలి, ఒక్కోటీ గేజ్ పెట్టి చూడాలి, అసలు బోల్టు వదులుగా దూరాల్సిన చోట ఆ కష్టమంతా ఎందుకు? టాలరెన్స్ గురించి క్లాసులో చదివాను, పరీక్షలో మార్కులు కూడా బాగానే వచ్చాయి. అయినా నేను పెట్టిన ఒక సున్నా ఇంకొకరి మధ్యాహ్నం మొత్తం మింగేస్తుందని ఆరోజే అర్థమైంది. మూడు నెలల సమ్మర్ ఇంటర్న్‌షిప్ చేసుంటే ఆ తప్పు అక్కడే వదిలేసి, సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లిపోయేవాణ్ణి. ఏడాది ఉంటే మన తప్పు మన దగ్గరికే తిరిగొచ్చేదాకా అక్కడే ఉంటాం, ఈ రివ్యూలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇదేం కొత్త ఆలోచన కాదు, 1906లో అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ఆయన 27 మంది ఇంజినీరింగ్ విద్యార్థులతో ఒక వారం క్లాసు, ఒక వారం ఫ్యాక్టరీ అని మొదలుపెట్టాడు.

మార్కు ఎక్కడ కోశానంటే, యూనివర్సిటీ ఫాలో-అప్‌లో. మొదట్లో విద్యార్థి, కంపెనీ, యూనివర్సిటీ ముగ్గురూ సంతకాలు పెట్టే ఒప్పందం ఉంటుంది, ఏం నేర్చుకోవాలో అందులో రాస్తారు, మధ్యలో యూనివర్సిటీ ట్యూటర్ రెండుసార్లు వచ్చి చూడాలి. మా ట్యూటర్ ఒక్కసారి వచ్చాడు, ఇరవై నిమిషాలు, అందులో సగం పార్కింగ్ గురించే. రెండోది వీడియో కాల్, అదీ రెండుసార్లు వాయిదా. దీనికి ఫీజు కూడా కట్టాలి! ఇంగ్లండ్‌లోనైతే అక్కడి విద్యార్థుల దగ్గర ఈ ఏడాదికి మామూలు గరిష్ఠ ఫీజులో 20 శాతానికి మించి తీసుకోకూడదని రూల్ ఉంది, ఆ 20 శాతానికైనా సరిపడా పని చేస్తున్నారా అని ఎక్కడైనా అడగాల్సిందే. నాకు మొదటి నెలల్లో పని సరిగ్గా ఇవ్వనప్పుడు ట్యూటర్ ఒక్క ఫోన్ చేసుంటే ఆరు వారాలు మిగిలేవి, చివరికి నేనే వెళ్లి మేనేజర్‌ని అడిగాను, ఆయన పాపం గమనించనే లేదట.

తిరిగొచ్చాక ఇంకో చిక్కు. నాతో చేరినవాళ్లలో ప్లేస్‌మెంట్ చేయనివాళ్లంతా డిగ్రీ తీసుకుని వెళ్లిపోయారు, క్లాసులో సగం కొత్త మొహాలు. ఏడాదిపాటు సాయంత్రం అయితే పని మర్చిపోయే అలవాటు పడ్డవాడికి రాత్రి పదింటికి డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఎక్కవు, మొదటి రెండు నెలలు నిజంగానే వెనకబడ్డాను. ప్రాజెక్టులో మాత్రం తేడా కనిపించింది, వర్క్‌షాప్‌కి డ్రాయింగ్ పంపేముందు ఇది తయారుచేయడం ఎలా అని అడిగి వచ్చేది మా గ్రూపులో నేనొక్కణ్ణే.

లాగ్‌బుక్ (ప్లేస్‌మెంట్‌లో ఎప్పుడు ఏం చేశామో రాసే పుస్తకం) మాత్రం ఏ వారానికావారం రాసుకోండి. నేను ఆఖరి వారంలో కూర్చుని, ఏడాది ఈమెయిళ్లన్నీ తవ్వి, మార్చిలో ఏం చేశానో కనుక్కుని రాశాను. ఆ కవర్ ప్లేట్ గురించి మాత్రం వెతకాల్సిన పని పడలేదు.