సోజర్నర్ ట్రూత్ పాత్ర వేస్తే ఏ ప్రసంగం మేలు?

అమెరికాలో బానిసగా పుట్టి, ఆ తర్వాత బానిసత్వాన్ని ఎదిరించిన నల్లజాతి మహిళ సోజర్నర్ ట్రూత్‌ను ఏకపాత్రాభినయంగా చూపించాలనుకుంటే తెల్ల టోపీ, శాలువా సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఆమె నోట ఏ మాటలు పలకాలన్నది. 1851 మే నెలలో ఒహాయోలోని ఆక్రన్ మహిళా హక్కుల సభలో ఆమె చేసిన ప్రసంగం మనకు రెండు రకాలుగా దొరుకుతోంది. ఆమెకు చదవడం, రాయడం రాదు. రెండూ వేరేవాళ్లు రాసిపెట్టినవే.

పాత్రికేయుడు మారియస్ రాబిన్సన్ రాసింది సభ జరిగిన నెలలోపే, జూన్ 21న, బానిసత్వాన్ని వ్యతిరేకించే యాంటీ స్లేవరీ బ్యూగుల్ పత్రికలో వచ్చింది. ఆ సభకు అధ్యక్షత వహించిన ఫ్రాన్సిస్ గేజ్ రాసింది 12 ఏళ్ల తర్వాత, 1863లో అచ్చయింది. 'నేను ఆడదాన్ని కానా?' అని పదే పదే అడిగే ప్రసంగం ఇదే. అందరికీ తెలిసిందీ ఇదే.

స్టేజీ మీద గేజ్ పాఠానికున్న బలాన్ని కాదనలేం. ఆ ప్రశ్న తిరిగి వచ్చిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. రాబిన్సన్ పాఠంలో ఆ ప్రశ్నే లేదు. పైగా చాలా చిన్నది.

అయినా నేను రాబిన్సన్ పాఠాన్నే ఎంచుకుంటాను. గేజ్ ఆమెకు అమెరికా దక్షిణ రాష్ట్రాల బానిసల యాస పెట్టారు. కానీ ట్రూత్ పుట్టి పెరిగింది ఉత్తరాన, న్యూయార్క్ రాష్ట్రంలోని అల్‌స్టర్ కౌంటీలో. చిన్నప్పుడు ఆమె మాట్లాడింది డచ్చి భాష, ఇంగ్లిష్ తర్వాత నేర్చుకుంది. గేజ్ పాఠంలో పదముగ్గురు పిల్లల్ని కన్నానంటుంది, కానీ ఆమె పిల్లలు ఐదుగురే. వ్యాసంలో అయితే 'అని గేజ్ రాశారు' అని ఒక మాట చేర్చవచ్చు. 'నేను' అంటూ నిలబడ్డాక ఆ వీలుండదు. చూసేవాళ్లు ప్రతి మాటా ఆమెదేనని నమ్మి ఇంటికి వెళ్తారు.

రాబిన్సన్ పాఠం చప్పగా ఏమీ ఉండదు. దున్నాను, కోశాను, కట్టెలు కొట్టాను, మగవాడు ఇంతకంటే ఏం చేస్తాడు అని అడిగే ధీమా అందులో ఉంది. నిడివి చాలకపోతే ఆమె కొడుకు పీటర్ కథ కలపాలి. చట్టానికి విరుద్ధంగా అలబామాకు అమ్మేసిన ఆ పిల్లవాడి కోసం ఆమె కోర్టుకెక్కి, 1828లో గెలిచి తెచ్చుకుంది. వాడి ఒంటి మీది కొరడా మచ్చల్ని చూసుకున్న తల్లిగా నటి ఒక్క నిమిషం మౌనంగా నిలబడినా చాలు.

గేజ్ ప్రశ్నను పూర్తిగా వదిలేయమనను. చివర్లో శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, నటి తన సొంత గొంతుతో, ఎవరు ఎప్పుడు రాశారో చెప్పి చదవవచ్చు.