మేపుల్ సిరప్: అసలుదా, ఫ్లేవర్‌దా? పొయ్యి ఎక్కితే ఏది మేలు?

అమెరికా నుంచి చుట్టాలు వచ్చి వెళ్లే సీజన్ అయిపోగానే నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది. వాళ్లు తెచ్చిన మేపుల్ సిరప్ అయిపోయింది. జూబ్లీహిల్స్‌లో ఇంపోర్టెడ్ సరుకులమ్మే షాపుకి వెళ్తే అసలుది ధర చూసి చెయ్యి వెనక్కి వస్తోంది. పక్కనే మేపుల్ ఫ్లేవర్ కలిపిన పాన్‌కేక్ సిరప్ చవగ్గా ఉంది. వంటకి అది సరిపోదా?

పాన్‌కేక్ మీద పోసుకోవడానికైతే శుభ్రంగా సరిపోతుంది. పిల్లలకి అలా చిక్కగా జారేదే ఇష్టం కూడా. వంటలోకి మాత్రం నేను అసలుదే కొంటాను. ఆరోగ్యం కోసమని కాదు. అసలుదానిలోనూ మూడింట రెండు వంతులు చక్కెరే, షుగర్ ఉన్నవాళ్లు రెండింటి జోలికీ పోకపోవడమే మంచిది. నా లెక్క వేరే. పాకం ఎలా వస్తుందన్నదే నేను చూసేది.

అసలు సిరప్ అంటే మేపుల్ చెట్టు నీరే. మంచు కరిగే రోజుల్లో చెట్టుకి గాటు పెట్టి పట్టిన ఆ నీరు దాదాపు 40 లీటర్లు కాస్తే ఒక లీటరు సిరప్ అవుతుంది. అందుకే ఆ ధర. ప్రపంచంలో తయారయ్యేదాంట్లో ఎక్కువ భాగం కెనడాలోని క్విబెక్ నుంచే వస్తుంది. అందులో ఉండే తీపి చాలావరకు సుక్రోజ్, అంటే మన చెరకు చక్కెరలో ఉండేదే. కాబట్టి మళ్లీ పొయ్యి మీద పెడితే మనకు తెలిసిన పాకం లక్షణాలన్నీ చూపిస్తుంది. ముందు బుసబుసా పొంగుతుంది (ఒక్క చుక్క నెయ్యి వేయండి, దిగిపోతుంది). కాసేపటికి చల్లటి నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే వేళ్ల మధ్య మెత్తటి ఉండ కడుతుంది. అప్పుడు దించి, కాస్త ఆరనిచ్చి, గరిటెతో ఆపకుండా తిప్పితే రంగు తేలి, సన్నటి రవ్వ కట్టి, కోవాలా గట్టిపడుతుంది. వేయించిన జీడిపప్పు అందులో పొర్లిస్తే పైన పొడిపొడిగా పట్టుకుంటుంది.

పాన్‌కేక్ సిరప్‌తో ఇది జరగదు. సీసా వెనక చదవండి: కార్న్ సిరప్, రంగు, చిక్కదనానికి గమ్, ఫ్లేవర్. మిఠాయివాళ్లు పాకం గడ్డకట్టకుండా కలిపే లిక్విడ్ గ్లూకోజ్ జాతే ఈ కార్న్ సిరప్. ఎంత కాచినా, ఎంత తిప్పినా జిగురుగా సాగుతుందే తప్ప రవ్వ కట్టదు. జీడిపప్పు చేతికి అంటుకుంటుంది.

వాసన విషయంలో మాత్రం నకిలీదాన్ని తక్కువ చెయ్యలేను. మేపుల్ వాసన అనిపించే సోటొలాన్ అనే పదార్థం మన మెంతుల్లోనూ ఉంది. కృత్రిమ మేపుల్ ఫ్లేవర్లకు మెంతుల సారం వాడతారు. 2005 నుంచి న్యూయార్క్‌లో అప్పుడప్పుడు ఊరంతా మేపుల్ వాసన కొట్టేది, ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. అది న్యూజెర్సీలో మెంతులు ప్రాసెస్ చేసే ఫ్యాక్టరీ నుంచని 2009లో తేల్చారు. మన పోపుల డబ్బా అంత పని చేసిందన్నమాట!

అసలుది కొనేటప్పుడు వంటకైతే డార్క్ అని ఉన్నది తీసుకోండి. లేత రంగుదాని రుచి కారం, నెయ్యి తగలగానే మాయమవుతుంది. చిలగడదుంప ముక్కలు నెయ్యిలో వేగాక, చివర్లో రెండు చెంచాల డార్క్ సిరప్, చిటికెడు మిరప్పొడి వేసి పెద్ద మంట మీద ఒక్క నిమిషం తిప్పితే చాలు. కేకులో కప్పు చక్కెరకి బదులు ముప్పావు కప్పు పోసి, పాలో నీళ్లో మూడు పెద్ద చెంచాలు తగ్గించండి. సేమ్యా పాయసంలో పోయడం మాత్రం డబ్బు దండగ, ఏలకుల ముందు అది నిలవదు.

తేనె, ఖర్జూరం సిరప్ సంగతి అడుగుతారు. వాటి రుచి వాటిదే, ఇక్కడ పనికిరావు. షుగర్ ఫ్రీ సిరప్‌లు నేను వాడను. అసలుది కొనలేకపోతే పాన్‌కేక్ సిరప్ కంటే బెల్లం పాకం వడగట్టి వాడుకోండి. మేపుల్ రుచి రాదు కానీ వంట చెడదు.

ఇంకొకటి, అసలుదాంట్లో ప్రిజర్వేటివ్ ఉండదు. మూత తీశాక మన ఎండలకి బయట పెడితే బూజు పడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రీజర్‌లో పెట్టినా రాయిలా గడ్డకట్టదు, చిక్కబడుతుందంతే.