బీఈడీ ఛాత్రోపాధ్యాయులు బడిలోకి వచ్చేముందు: కాండక్ట్ సర్టిఫికెట్టా, డిక్లరేషనా, పోలీస్ వెరిఫికేషనా, ఏది మేలు?

ఏటా మా హైస్కూలుకి బీఈడీ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కి వస్తారు. పది పన్నెండు మంది. చేతిలో కాలేజీ ప్రిన్సిపాల్ లెటర్, "వీరిని అనుమతించగలరు" అని ఒక్క వాక్యం, కింద పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు. మర్నాటి నుంచి వాళ్లు ఆరో తరగతికి పాఠం చెబుతారు, మధ్యాహ్న భోజనం దగ్గర వరస నిలబెడతారు, ఆటల పీరియడ్‌లో గ్రౌండ్‌లో ఉంటారు. టీచర్ చదువులకి రూల్స్ పెట్టే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీలో బడిలో గడపాల్సింది 20 వారాలు. దాదాపు ఐదు నెలలు పిల్లల మధ్య తిరిగే మనిషి గురించి హెచ్‌ఎంగా నాకు తెలిసేది ఆ లెటర్‌లో ఉన్న పేరే.

నేను డీఎస్సీలో సెలెక్ట్ అయినప్పుడు ఇలా లేదు. అటెస్టేషన్ ఫారం నింపి ఇచ్చాను. కొన్నాళ్లకి కానిస్టేబుల్ ఇంటికొచ్చి, మా పక్కింటి పిన్నిగారిని నా గురించి అడిగి, సంతకం పెట్టించుకుని వెళ్లాడు. జీతం తీసుకునే టీచర్‌కి ఆ ఎంక్వయిరీ ఉంది. అదే బడిలో, అదే పిల్లలతో పని చేసే ఛాత్రోపాధ్యాయుడికి మాత్రం ఆనవాయితీగా లేదు.

చట్టం ఏమంటోంది? పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. దాని కింద 2020 మార్చిలో వచ్చిన నిబంధనలు, పిల్లలతో తరచూ పని ఉండే ప్రతి సంస్థా తన సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని, అది కూడా ఒక్కసారితో ఆపకుండా ఎప్పటికప్పుడు చేయించాలని చెబుతున్నాయి. టీచింగ్, నాన్ టీచింగ్, రెగ్యులర్, కాంట్రాక్ట్ అందరూ ఆ లెక్కలోకి వస్తారు. కానీ ఆ మాటలన్నీ ఉద్యోగుల చుట్టూ తిరుగుతాయి. జీతం లేని ఛాత్రోపాధ్యాయుడి పేరు విడిగా ఎక్కడా లేదు. ఉద్యోగి కాదు కాబట్టి అక్కర్లేదని కాలేజీ అనుకుంటుంది, కాలేజీ పంపింది కాబట్టి చూసే ఉంటారని బడి అనుకుంటుంది.

మరి ఏ కాగితం అడగాలి?

అందరూ ముందుగా తెచ్చేది స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కాండక్ట్ అన్నచోట "సంతృప్తికరం" అని ముందే అచ్చయి ఉంటుంది, కాలేజీ నింపేది పేరూ సంవత్సరాలే. ఏ ఏడు ఎక్కడ చదివారో, మధ్యలో ఖాళీ ఎక్కడుందో చూసుకోవడానికి పనికొస్తుంది. గెజిటెడ్ ఆఫీసర్ ఇచ్చే క్యారెక్టర్ సర్టిఫికెట్టూ అంతే.

రెండోది సెల్ఫ్ డిక్లరేషన్. "నా మీద క్రిమినల్ కేసులు లేవు, ఏ కోర్టూ నాకు శిక్ష వేయలేదు" అని రాసి సంతకం పెట్టడం. చాలామంది దీన్ని తేలిగ్గా తీసిపారేస్తారు, తప్పు చేసినవాడు నిజం రాస్తాడా అని. నేనూ అలాగే అనుకునేదాన్ని. మూడేళ్ల క్రితం ఒక అబ్బాయి నా అభిప్రాయం మార్చాడు.

ఫారం ఇవ్వగానే అతను రాయలేదు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన జిరాక్స్ తీసి టేబుల్ మీద పెట్టాడు. డిగ్రీలో ఉండగా ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం చేసిన ధర్నాలో ఎఫ్‌ఐఆర్. పదిహేను మంది పేర్లలో అతనిది పదకొండోది. "మేడం, ఇది ఉంటే పంపించేస్తారా?" అని అడిగాడు. కాగితం పట్టుకున్న వేళ్లు వణుకుతున్నాయి. పంపించలేదు. పిల్లల భద్రతకీ ఆ కేసుకీ సంబంధం లేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు పాత కేసులు దాచడం గురించి 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇలాంటిదే. చిన్న వయసులో నినాదాలు చేసినందుకు పెట్టిన కేసులాంటి చిల్లర విషయాన్ని దాచినా యాజమాన్యం క్షమించవచ్చు, పెద్ద నేరాన్ని దాచితే మాత్రం ఆ దాపరికమే తొలగింపుకి కారణం కావచ్చు. డిక్లరేషన్ అసలు ఉపయోగం ఇక్కడే. దొంగని అది పట్టివ్వదు. నిజం చెప్పేవాడికి చెప్పే చోటు ఇస్తుంది. అబద్ధం రాసినట్టు రేపు తేలితే, వెంటనే బయటికి పంపడానికి మన చేతిలో సంతకం ఉంటుంది.

ఒక జాగ్రత్త. పద్దెనిమిదేళ్లు నిండకముందు సంగతులు ఆ ఫారంలో అడగకూడదు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 24 ప్రకారం, కొన్ని తీవ్రమైన కేసుల్లో తప్ప, బాల్యంలో చేసిన తప్పు తర్వాతి జీవితానికి అనర్హత కాకూడదు.

మూడోది పోలీస్ వెరిఫికేషన్. ఇందులో బీఈడీ పిల్లలు తరచూ పొరపడతారు. నిరుడు ఇద్దరు పాస్‌పోర్ట్ ఆఫీసులో 500 రూపాయలు కట్టి పీసీసీకి, అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి అప్లై చేశారు. అది విదేశాల్లో ఉద్యోగానికో, వలసకో వెళ్లేవాళ్ల కోసం. మనకి కావాల్సింది స్థానిక పోలీసులు, అంటే కమిషనరేట్ గానీ జిల్లా పోలీసులు గానీ ఇచ్చేది. మా దగ్గర ఒక్కోసారి వారంలో వచ్చింది, ఒక్కోసారి నెల పట్టింది. పుట్టిన ఊరు ఒకటి, చదివిన ఊరు ఇంకొకటి అయితే రెండు చోట్లా అడగాలి. హాస్టల్లో ఉండి చదివిన పిల్లల విషయంలో ఇది చాలా ముఖ్యం.

దీని పరిమితి కూడా ఒప్పుకోవాలి. రికార్డుకి ఎక్కిందే పోలీసులకి తెలుస్తుంది. లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ 2018 సెప్టెంబర్‌లో మొదలైంది, కానీ అది పోలీసులు చూసుకోవడానికే, బడికి తెరవరు. ఇంకో పక్క, పోలీసులు రాసిందల్లా తీర్పు కాదు. 2017లో గురుగ్రామ్‌లో ఒక బడిలో రెండో తరగతి బాబు హత్య జరిగినప్పుడు ముందు అరెస్టయింది బస్సు కండక్టర్. తర్వాత సీబీఐ దర్యాప్తులో అతనికి సంబంధం లేదని తేలింది, కోర్టు వదిలేసింది. కాబట్టి రిపోర్టులో ఏదైనా కనబడితే ఆ మనిషిని కూర్చోబెట్టి, ఏ సెక్షన్, ఏ దశలో ఉంది అని అడగాలి. పిల్లల మీదో ఆడవాళ్ల మీదో జరిగిన నేరమైతే మాత్రం కేసు తేలేదాకా బడిలోకి రానివ్వను. ఇందులో నాకు మొహమాటం లేదు.

మా చెల్లెలి కూతురు ఇంగ్లండ్‌లో టీచర్ ట్రైనింగ్ చేసింది. అక్కడి పద్ధతి విన్నాక మన లోపం ఎక్కడుందో అర్థమైంది. ఫీజు కట్టి చదివే ట్రైనీ అయితే శిక్షణ సంస్థే ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ చెక్, అంటే నేర చరిత్ర తనిఖీ చేయించి, అయిందని బడికి రాసి ఇవ్వాలి. జీతం మీద ట్రైనింగ్ అయితే ఆ బాధ్యత బడిది. అనుమానానికి తావు లేదు. మన దేశంలో పెరిగిన పిల్ల కాబట్టి ఇక్కడి పోలీస్ సర్టిఫికెట్ కూడా అడిగారు. వాళ్లకీ ఇది ఊరికే రాలేదు. 2002లో సోహమ్ అనే ఊళ్లో ఇద్దరు పదేళ్ల పాపల్ని చంపినవాడు ఒక స్కూలు కేర్‌టేకర్. వాడి మీద అంతకుముందే వేరే ప్రాంతంలో వరసగా ఆరోపణలు వచ్చాయి. శిక్ష పడలేదు, ఆ సమాచారం ఉద్యోగమిచ్చిన బడిదాకా చేరలేదు. 2004లో ఆ కేసు మీద ప్రభుత్వం వేసిన బిచర్డ్ విచారణ ఆ వైఫల్యాలన్నీ బయటపెట్టాకే అక్కడి వ్యవస్థ మారింది.

అందుకే నా ఓటు పోలీస్ వెరిఫికేషన్‌కి, దానికి జోడీగా డిక్లరేషన్‌కి. అయితే చేయించాల్సింది కాలేజీ, మొదటి ఏడాది అడ్మిషన్ అప్పుడే. ఇంటర్న్‌షిప్ వారం ఉందనగా బడి అడిగితే పిల్లలకి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు, కూలి చేసుకునే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు స్టేషన్ చుట్టూ తిరగలేరు. కాలేజీ అందరి పేర్లూ ఒకేసారి పంపితే ఆ భారం ఉండదు.

రిపోర్టు క్లీన్‌గా వచ్చినా మా బడిలో కొన్ని నియమాలు మారవు. తలుపు తీసి ఉంచాలి, పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోకూడదు, ఒక్క పిల్లని విడిగా కూర్చోబెట్టి పాఠం చెప్పకూడదు. ఇవి మా టీచర్లకీ, వంటవాళ్లకీ, ఆటో డ్రైవర్లకీ కూడా వర్తిస్తాయి. 2022లో బంజారాహిల్స్‌లో నాలుగేళ్ల పాప మీద అఘాయిత్యం చేసింది టీచర్ కాదు, ప్రిన్సిపాల్ కారు డ్రైవర్.

ఈ ఏడాది పన్నెండు మంది వచ్చారు. డిక్లరేషన్లు అందరివీ అందాయి, పోలీస్ రిపోర్టులు తొమ్మిదే. మిగిలిన ముగ్గురు స్టాఫ్‌రూమ్ పక్కనున్న ఎనిమిదో తరగతిలో, మా లెక్కల మాస్టారు వెనక బెంచీలో కూర్చుని ఉండగా పాఠం చెబుతున్నారు.