జాగ్రత్త: సర్వీసుకి ఇచ్చిన నా బండిలోంచి ఫ్యూయెల్ పంప్ పీకి ఇంకొకరికి బిగించారు

షాపు పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను, రాస్తే షాపు పేరు రాసినట్టే. మన రెండు రాష్ట్రాల్లో యూరప్ సూపర్‌బైకులు నడిపేవాళ్ళమే కొద్దిమందిమి, సర్వీసుకి పోయే చోట్లు అంతకన్నా తక్కువ. గాజు తలుపులు, లోపల కాఫీ మెషిన్, గోడ నిండా రేసింగ్ ఫొటోలు. ఎవరో మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. నిన్న సాయంత్రం అక్కడి నుంచే వచ్చాను. ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

బండి ఇటలీది, మోడల్ అనవసరం. కొన్నది అక్కడే. ఉంటున్నది విజయవాడ. సెల్ఫ్ నొక్కితే మోటార్ గిర్రున తిరుగుతోంది, గరగరమని ఇనుము రాసుకున్న చప్పుడు, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. స్ప్రాగ్ క్లచ్ పోయింది. స్టార్టర్ మోటార్ తిప్పుడుని క్రాంక్‌కి అందించి, ఇంజిన్ అంటుకోగానే వదిలేసే వన్‌వే బేరింగ్ అది. అరచేతిలో పట్టేస్తుంది. ఇదొక్కటి లేకపోతే అన్ని లక్షల బండీ గ్యారేజీలో బొమ్మే. వారంటీ ఉంది కదా అని లారీలో ఎక్కించి పంపాను. లారీ బాడుగ నాదే, అది వారంటీలో రాదట.

ఇక వాయిదాలు మొదలు. పార్ట్ ఇటలీ నుంచి రావాలి. సరే. జూలై అయిపోయేసరికి ‘ఆగస్టులో అక్కడ ఫ్యాక్టరీలన్నీ సెలవు సార్’ అన్నారు. ఇది అబద్ధం కాదు. ఆగస్టు 15 అటూ ఇటూ ఇటలీలో ఫ్యాక్టరీలు వారాల తరబడి మూసేస్తారు. అయితే ఆ సంగతి జూన్‌లో వాళ్ళకి తెలియదా? తర్వాత కస్టమ్స్ అన్నారు. ఆ తర్వాత సర్వీస్ మేనేజర్ గారు ఏకంగా ప్రపంచ ఆర్థిక పరిస్థితి ఎత్తుకున్నారు: ‘యూరప్‌లో కంపెనీలే కష్టాల్లో ఉన్నాయి సార్. 2024 నవంబరులో కేటీఎం దివాలా దాకా వెళ్ళింది, పేపర్లో చూడలేదా?’ చూశాను స్వామీ. నాది కేటీఎం కాదు.

ఇంతవరకైతే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. పార్టులు లేటు కావడం ఈ బండ్లలో అందరికీ అలవాటే. నేనూ ‘ఇన్ ట్రాన్సిట్’ అన్న వాట్సాప్ మెసేజ్‌లు చూసుకుంటూ బుద్ధిమంతుడిలా కూర్చున్నాను.

నిన్న వేరే పనిమీద ఆ ఊరు వెళ్ళి, చెప్పకుండా వర్క్‌షాపుకి పోయాను. రిసెప్షన్‌లో అమ్మాయి ‘కూర్చోండి సార్, బండిని ముందుకి తీసుకొస్తారు’ అంది. స్టార్ట్ కాని బండిని ముందుకి ఎందుకమ్మా అని నేనే లోపలికి నడిచాను. వెనక గోడ పక్కన, పాత టైర్ల మధ్య ఉంది. కవర్ లేదు. సీటు మీద ఎవరిదో టిఫిన్ డబ్బా. సరే, ఆకలి ఎవరికైనా ఆకలే.

ట్యాంకు కొంచెం పైకి లేచినట్టు అనిపించింది. ముందు బోల్టులు లేవు. చెయ్యి పెట్టి ఎత్తితే, ఊరికే లేచి వచ్చేసింది. అడుగున ఫ్యూయెల్ పంప్ ఉండాల్సిన గుండ్రటి కంతలో ఎర్ర బనియన్ వేస్ట్ గుడ్డ కుక్కి ఉంది. పెట్రోల్ హోస్ మూతికి పాలిథిన్ కవర్, దానికి రబ్బర్ బ్యాండ్. కనెక్టర్ వైరు గాల్లో వేలాడుతోంది, దాని మీద వేలితో గీతలు గీయగలిగేంత దుమ్ము. అంటే ఇది నిన్నా మొన్నా పీకింది కాదు. నేను బండి ఇచ్చింది స్టార్టర్ కోసం. పంప్‌కీ స్టార్టర్‌కీ సంబంధమే లేదు.

అక్కడున్న కుర్ర మెకానిక్ నన్ను చూసి తల దించుకున్నాడు. ‘ఏం తమ్ముడూ, ఇందులో పంప్ ఏది?’ అని అడిగితే మెల్లిగా, ‘అన్నా, వేరే బండికి పెట్టారన్నా. మా మీద చెప్పకండి’ అన్నాడు.

అప్పుడొచ్చారు మేనేజర్ గారు, చేతిలో కాఫీ కప్పుతో. కంగారు పడతాడనుకున్నాను. పడలేదు. ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: ‘మీ బండి ఎలాగూ ఆగే ఉంది కదా సార్. ఆ కస్టమర్‌కి రైడ్ ఉంది, అర్జెంట్ అన్నారు. మీ పార్ట్ వచ్చేలోపు పంప్ కూడా వచ్చేస్తుంది. టెన్షన్ పడకండి.’

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా పంప్‌తో ఎవరో ఊళ్ళు తిరుగుతున్నారు, టెన్షన్ మాత్రం నేను పడకూడదు! ఎవరిని అడిగి పీకారు అంటే నవ్వాడు. నిజంగా నవ్వాడండీ. ‘ఇలాంటి బండ్లు కొనేవాళ్ళకి కొంచెం ఓపిక ఉండాలి సార్. అర్జెంట్ అనుకునేవాళ్ళు జపాన్ బండి కొనుక్కుంటారు.’

డెలివరీ రోజు ఇదే మనిషి నా మెడలో దండ వేసి, కేక్ కోయించి, ‘వెల్‌కమ్ టు ద ఫ్యామిలీ’ అన్నాడు. ఫ్యామిలీ అంటే నిజమే మరి, చెప్పకుండా వస్తువులు తీసుకోవచ్చు కదా.

జాబ్ కార్డులో పంప్ తీసినట్టు రాసి సంతకం పెట్టమన్నాను. ‘సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు సార్’ అట. పీకడానికి ఆప్షన్ ఉంది, రాయడానికి లేదు. ఫోన్ తీసి వీడియో మొదలెట్టగానే గొంతు మారింది, ‘వారంలో కొత్త పంప్ వేసి ఇస్తాం’ అన్నాడు. స్ప్రాగ్ క్లచ్ సంగతి? అది ఇంకా ‘ఇన్ ట్రాన్సిట్’. అసలు ఆర్డర్ పెట్టారో లేదో చూపించమంటే ఆర్డర్ నంబర్ చూపించలేదు. కంపెనీ ఇండియా ఆఫీసుకి ఫొటోలు, వీడియోతో సహా మెయిల్ పెట్టాను. మీ అభిప్రాయం మాకు అమూల్యం అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది.

కొనేముందు నేను చదవనిదేముంది చెప్పండి. డుకాటీ పానిగాలే వీ4కి 24,000 కిలోమీటర్లకి వాల్వ్ చెక్, వాళ్ళదే మల్టీస్ట్రాడా వీ4కి అయితే 60,000, ఎందుకంటే ఆ ఇంజిన్‌లో డెస్మో (వాల్వుల్ని స్ప్రింగులతో కాకుండా కామ్‌తోనే మూసే పద్ధతి) తీసేసి మామూలు స్ప్రింగులు పెట్టారు... ఇలాంటివన్నీ అర్ధరాత్రి దాకా చదివాను. ఇంజిన్ల జాతకాలు నోటికి వచ్చు. షోరూమ్ వెనక తలుపు తీసి వర్క్‌షాపులోకి ఒక్కసారి తొంగి చూడాలని మాత్రం తట్టలేదు. మహా మేధావిని.

బండి మీద ఇప్పటికీ నాకు కోపం లేదు. స్ప్రాగ్ క్లచ్ ఏ బండిలోనైనా పోతుంది. అయితే జపాన్ బండికి నాలుగు రోజుల్లో దొరికే పార్టు దీనికి సీజన్ దాటినా రాదు, అలా రాని ప్రతి రోజూ నా బండి వాళ్ళకి ఉచిత స్పేర్ పార్ట్స్ గోడౌన్. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్లకి జీఎస్టీ 40 శాతం. అంత కట్టి కొనేవాళ్ళు ఇంకాస్త ఆలోచించుకోండి.

కొనాలనే అనుకుంటే, బేరం ఆడేటప్పుడే వర్క్‌షాపు చూపించమనండి. ఎన్ని బండ్లు పార్టుల కోసం ఆగి ఉన్నాయో అక్కడి మెకానిక్‌లని అడగండి, మేనేజర్‌ని కాదు. బండి వదిలేటప్పుడు ట్యాంకు, డ్యాష్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ డబ్బా), చక్రాలు అన్నీ వీడియో తీసి, జాబ్ కార్డు కాపీ చేతికి తీసుకున్నాకే బయటికి రండి. వారంటీలో బండి ఆగితే, ఆగినన్నాళ్ళూ వారంటీ పొడిగిస్తామని రాతపూర్వకంగా అడగండి. నాది అక్కడ పడి ఉండగానే గడువు తరిగిపోతోంది. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కేసు మనం ఉండే ఊళ్ళోనే వేయొచ్చు, షోరూమ్ ఉన్న ఊరు పోనక్కరలేదు, గడువు రెండేళ్ళు. నేను విజయవాడలోనే వేస్తున్నాను.

ఈమధ్య అక్కడ ఫ్యూయెల్ పంప్ మార్పించుకుని రైడ్‌కి వెళ్ళిన అన్నయ్య ఎవరైనా ఇది చదువుతుంటే, అది నాది. మీ తప్పేం లేదు, కానీ బిల్లులో కొత్త పంప్ అని రాసి డబ్బులు తీసుకున్నారా? ఆ బిల్లు ఫొటో ఒకటి నాకు పంపండి, కేసులో పనికొస్తుంది. అక్కడ బండి వదిలి ఎదురుచూస్తున్న మిగతావాళ్ళు ఈ వారమే వెళ్ళి ట్యాంకు ఎత్తి చూసుకోండి. ఫోన్ చేసి మాత్రం వెళ్ళకండి.