జక్కూరులో రోటాక్స్ కార్బ్యురేటర్ల సర్వీసు

మా మైక్రోలైట్ అనే చిన్న తేలికపాటి విమానంలో ఉన్నది రోటాక్స్ 912 యూఎల్ఎస్, 100 హార్స్‌పవర్ ఇంజను. ఐడిల్‌లో (ఇంజను కనీస వేగంతో తిరుగుతున్నప్పుడు) వణుకు మొదలవడంతో బెంగళూరులోని జక్కూరు ఎయిర్‌డ్రోమ్ దగ్గరున్న ఓ చిన్న వర్క్‌షాపు వారిని పిలిపించాను. మెకానిక్‌ది హిందూపురం. "సార్, స్క్రూలు తర్వాత తిప్పుదాం, ముందు ఫ్లోట్లు తూచనివ్వండి" అన్నారు. అక్కడే ఆయన మీద గురి కుదిరింది.

ఈ ఇంజనుకు రెండు కార్బ్యురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపే భాగాలు). ఒక్కోదాని బౌల్‌లో, అంటే ఇంధనం నిలిచే గిన్నెలో, తేలుతూ మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్లు రెండు. జత బరువు 7 గ్రాములు దాటకూడదు. ఎడమవైపు జత పెట్రోలు పీల్చి బరువెక్కింది. ఫ్లోటు మునిగితే బౌల్‌లో ఇంధనం మట్టం పెరిగి మిశ్రమం చిక్కబడుతుంది, పొంగిపోతుంది కూడా. బౌల్ అడుగున నల్లటి రబ్బరు నలుసులు కనిపిస్తే వేలికొనతో తీసి నాకు చూపించారు. రబ్బరు గొట్టాలను ఐదేళ్లకోసారి మార్చి తీరాలి, అవీ మార్పించాను.

ఆ తర్వాతే రెండు కార్బ్యురేటర్ల వైపులా వాక్యూమ్ గేజీలు (ఇంజను గాలి పీల్చే ఒత్తిడిని చూపే మీటర్లు) తగిలించి, రెండు ముళ్లూ సమానంగా నిలిచేవరకు ఓపిగ్గా సరిచేశారు. రెండు కార్బ్యురేటర్ల మధ్య తేడాను వదిలేస్తే దెబ్బంతా ఇంజను వేగాన్ని ప్రొపెల్లర్‌కు తగ్గించి అందించే రిడక్షన్ గేర్‌బాక్సు మీద పడుతుంది. పైన ఎగిరేవాళ్ల ప్రాణం ఇలాంటి పనిమంతుల చేతుల్లోనే ఉంటుంది.

విడిభాగాలకు ఎదురుచూపు తప్పలేదు. బిల్లులో కూలి, సామాను ధరలు విడివిడిగా రాసి ఉంటే బాగుండేది. లాగ్‌బుక్ నమోదు మాత్రం అక్షరం పొల్లుపోలేదు. వచ్చే 100 గంటల తనిఖీ కూడా వీరికే అప్పగిస్తున్నాను.