అప్పటికప్పుడు అనుకుని ఓర్లాండో: రెండేళ్ల బాబుతో, ఐదేళ్ల పాపతో, అత్తయ్యగారితో

ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కి వెళ్లాలంటే ఆరు నెలల ముందే ఎక్సెల్ షీట్ మొదలుపెట్టాలని అట్లాంటాలో మా చుట్టుపక్కల తెలుగువాళ్లందరూ చెప్తుంటారు. కాస్త పెద్ద పిల్లలుండి, పేరున్న రైడ్లన్నీ ఎక్కి తీరాలన్న పట్టుదల ఉంటే ఆ మాట నిజమే. ఐదారేళ్లలోపు పిల్లలతో వెళ్లేవాళ్లకు మాత్రం అంత హడావిడి అక్కర్లేదు. వారం ముందు అనుకుని బయల్దేరినా హాయిగా తిరిగి రావచ్చని మేం వెళ్లొచ్చాక గట్టిగా చెప్పగలను. జనం పోటీపడి ముందుగా బుక్ చేసుకునేవాటిలో చాలావరకు మన చిన్నపిల్లల్ని ఎక్కించుకోనే ఎక్కించుకోరు మరి.

మాకు అక్టోబరులో స్కూలు ఫాల్ బ్రేక్. మా ఆయనకు సెలవు ఖాయమయ్యేసరికి ఆ బ్రేక్ ముంచుకొచ్చేసింది. గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారికి నవంబరులో తిరుగు ప్రయాణం, కాబట్టి వాయిదా వేసే వీల్లేదు. విమానం టికెట్లు అప్పటికే మండిపోతున్నాయి. కారులో అయితే సుమారు 440 మైళ్లు, ఆగకుండా వెళ్తే ఆరున్నర, ఏడు గంటలు. ఐ-75 మీద దక్షిణానికి దిగి, ఫ్లోరిడాలో వైల్డ్‌వుడ్ దగ్గర టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కాలి. జార్జియా టోల్ ట్యాగ్ పీచ్ పాస్ ఫ్లోరిడా టోల్ రోడ్ల మీద కూడా పనిచేస్తుంది, వేరే ట్యాగ్ కొననక్కర్లేదు. మేకన్ దాటాక వార్నర్ రాబిన్స్ దగ్గర బకీస్ అనే పెద్ద గ్యాస్ స్టేషన్‌లో ఆగితే బాత్రూములు శుభ్రంగా ఉంటాయి. డైపర్ మార్చడానికి, పెద్దవాళ్లు కాళ్లు చాపుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఆ దారిలో నాకు కనబడలేదు.

హోటల్ వెతకడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. పిల్లల్ని గోడకి ఆనించి నిలబెట్టి, బూట్లతో ఎత్తు కొలవండి. ఏ పార్కుకి వెళ్లాలో ఆ కొలతే చెప్పేస్తుంది. మా పాప 41 అంగుళాలు, బాబు 33. డిస్నీ రైడ్లలో బార్న్‌స్టార్మర్‌కి 35 అంగుళాలుండాలి, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్‌కీ స్లింకీ డాగ్‌కీ 38, సోరిన్‌కి 40, స్పేస్ మౌంటెన్‌కి 44, ట్రాన్‌కి 48. అంటే పాపకు కొన్ని దొరుకుతాయి, బాబుకి ఎత్తు అడగనివి మాత్రమే. అలాంటివి డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో ఉన్నన్ని ఇంకే పార్కులోనూ లేవు. డంబో, పీటర్ పాన్, పూ, స్మాల్ వరల్డ్, రంగులరాట్నం, జంగిల్ క్రూజ్, ఇలా పొద్దుటి నుంచి తిరిగినా అయిపోవు. యూనివర్సల్ వాళ్లు 2025 మేలో తెరిచిన ఎపిక్ యూనివర్స్ చూద్దామని మా ఆయనకు చాలా ఆశ ఉండేది. కానీ అక్కడ పేరున్న రైడ్లలో ఎక్కువ భాగం ఎత్తు అడిగేవే. పిల్లలు పెద్దయ్యాక వెళ్దామని దాన్ని పక్కన పెట్టేశాం. ఆ నిర్ణయం ఒక్కటి తీసుకోగానే సగం టెన్షన్ తగ్గింది.

ఇక బస. నా దృష్టిలో ఈ ప్రయాణంలో డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. క్యూ తప్పించే పాసులు, బొమ్మలు, ఖరీదైన బ్రేక్‌ఫాస్టులు అన్నీ దీని తర్వాతే. రెండేళ్ల పిల్లాడికి మధ్యాహ్నం నిద్ర పడకపోతే సాయంత్రం మొత్తం ఇంటిల్లిపాదికీ పాడవుతుంది. పార్కు నుంచి మంచం దాకా అరగంటలో చేరగలిగితే ఆ నిద్ర పడుతుంది. గంట పడితే కారు సీట్లోనే పది నిమిషాలు కునికి, గదిలోకి రాగానే లేచి కూర్చుంటాడు.

మా ముందు మూడు దారులున్నాయి. మొదటిది, తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లే కిస్సిమీ, డావెన్‌పోర్ట్ వైపు అద్దె ఇళ్లు. వంటగది, వాషింగ్ మెషిన్, చాలావాటికి సొంత పూల్ ఉంటాయి. రెండు మూడు కుటుంబాలు కలిసి వారం ఉండేట్టయితే అంతకు మించింది లేదు. మాలాగా ఒక్క కుటుంబం, కొద్ది రోజులకైతే క్లీనింగ్ ఫీజు కలిపాక చవకేమీ కాదు. పైగా రోజూ పార్కింగ్‌కి వేరే డబ్బు. అంతకన్నా ముఖ్యం, మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారులో వెళ్తే గేటు దగ్గర ఆపలేం. కారు ఒకచోట పెట్టి, అక్కడి నుంచి మోనోరైలో ఫెర్రీయో ఎక్కి సరస్సు దాటాలి. ఫెర్రీ ప్రయాణం అందంగానే ఉంటుంది. నిద్రకొచ్చి ఏడ్చే పిల్లాణ్ని ఎత్తుకుని తిరిగొచ్చేటప్పుడు ఆ అందం ఎవరికీ కనబడదు.

రెండోది, డిస్నీ వాళ్ల షాపింగ్ ప్రాంతం డిస్నీ స్ప్రింగ్స్ చుట్టుపక్కల బయటి హోటళ్లు. కొన్నిటికి డిస్నీ హోటళ్లలాగే పార్కుల్లోకి మిగతావాళ్లకన్నా అరగంట ముందు ప్రవేశం ఉంది, ధర కూడా నయం. కానీ షటిల్ సంగతి ఫోన్ చేసి అడగాలి. మా స్నేహితులు దిగిన ఒక హోటల్ వాళ్లు ఫ్రీ షటిల్ అని రాశారు గానీ అది పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మాత్రమే తిరిగింది. పెద్దవాళ్లకు ఫరవాలేదు. నిద్ర మధ్యలో వచ్చిపోవాల్సిన పిల్లలకు అలాంటి షటిల్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మూడోది డిస్నీ సొంత హోటళ్లు. మేం పాప్ సెంచురీ తీసుకున్నాం. చవక శ్రేణిదే. గది చిన్నది, ఒక మంచం మామూలుది, ఇంకోటి గోడలోంచి కిందికి దించుకునేది. పగలు పైకి మడిచేస్తే అక్కడే బల్ల వస్తుంది, పిల్లలు కింద ఆడుకునే జాగా దొరుకుతుంది. నలుగురికి ఇచ్చే గదే అయినా మూడేళ్లలోపు పాపాయిని అదనంగా ఉండనిస్తారు. బాబుకి క్రిబ్ అడిగితే తెచ్చి ఇచ్చారు, అలా ఐదుగురం ఒకే గదిలో సర్దుకున్నాం. ఫ్రిజ్ ఉంది, మైక్రోవేవ్ మాత్రం కింద ఫుడ్ కోర్టులో. ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ పార్కులకు స్కైలైనర్ అనే కేబుల్ కార్లు అక్కడి నుంచే వెళ్తాయి. స్ట్రోలర్ మడవకుండా నేరుగా లోపలికి తోసెయ్యచ్చు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి బస్సు, అది గేటు పక్కనే దింపుతుంది. ఉరుములు మెరుపులు వస్తే స్కైలైనర్ ఆపేస్తారు, అప్పుడు బస్సులే.

ఆలస్యంగా బుక్ చేసేవాళ్లకు ఉపయోగపడే విషయం ఒకటి. డిస్నీ హోటల్లో గది మాత్రమే బుక్ చేసుకున్నవాళ్లు ఐదు రోజుల ముందు వరకు డబ్బు పోకుండా రద్దు చేసుకోవచ్చు. అందుకని సరిగ్గా ఆ గడువు దగ్గరపడే వేళకి, అంటే చేరే తేదీకి ఐదారు రోజుల ముందు, లేవన్న గదులు మళ్లీ కనబడతాయి. మాకు దొరికింది అలాగే. పొద్దునోసారి, పడుకోబోయే ముందోసారి చూస్తూ ఉండండి.

టికెట్ల విషయానికొస్తే ఒక రోజుది తేదీని బట్టి సుమారు 120 నుంచి 200 డాలర్ల పైదాకా ఉంటుంది. రోజులు పెరిగేకొద్దీ రోజుకు పడే ధర తగ్గుతుంది. 3 నుంచి 9 ఏళ్ల పిల్లలకు తగ్గేది కొద్ది డాలర్లే. మూడేళ్లలోపు ఉచితం. ఒకేరోజు రెండు పార్కులు తిరిగే హాపర్ చిన్నపిల్లలతో దండగ, మేం తీసుకోలేదు. తేదీ వేసిన టికెట్లకు ఇదివరకటిలా పార్క్ రిజర్వేషన్ కూడా అక్కర్లేదు, 2024 జనవరి నుంచి ఆ బాధ తప్పింది.

క్యూ తప్పించే పాసు లైట్నింగ్ లేన్ గురించి అందరూ అడుగుతారు. డిస్నీ హోటల్లో ఉన్నవాళ్లు చేరే రోజుకి వారం ముందు, బయటివాళ్లు మూడు రోజుల ముందు తీసుకోవచ్చు. మనం చూసే వేళకి పెద్ద రైడ్లవి ఎలాగూ అయిపోయి ఉంటాయి. మనకు కావలసిన పీటర్ పాన్, పూ లాంటివాటికి ఏదో ఒక టైమ్ దొరుకుతుంది. మ్యాజిక్ కింగ్‌డమ్ రోజు కొన్నాం, పీటర్ పాన్ క్యూ చూశాక ఆ డబ్బు సార్థకమనిపించింది. యానిమల్ కింగ్‌డమ్‌లో కొనలేదు, అవసరమూ పడలేదు. చిన్నపిల్లల దగ్గర ఒకరు ఆగి, వంతులవారీగా రైడ్ ఎక్కే రైడర్ స్విచ్‌కి అసలు డబ్బే లేదు. పాపతో మా ఆయన మైన్ ట్రెయిన్ ఎక్కితే నేను బాబుతో బయట ఉన్నాను. వాళ్లు రాగానే క్యూ లేకుండా నేను వెళ్లాను, పాప నాతో ఇంకోసారి ఎక్కింది. సిబ్బందిని ముందే అడగాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

మ్యాజిక్ కింగ్‌డమ్‌కి మేం కావాలని హాలోవీన్ పార్టీ ఉన్న రోజు ఎంచుకున్నాం. ఆగస్టు నుంచి అక్టోబరు చివరిదాకా కొన్ని రాత్రులు ప్రత్యేక టికెట్‌తో ఆ పార్టీ పెడతారు, ఆ రోజుల్లో మామూలు టికెట్ వాళ్లు సాయంత్రం 6 గంటలకే వెళ్లిపోవాలి. రాత్రి బాణసంచా కావాలనుకునేవాళ్లు ఆ రోజుల్ని తప్పించుకుంటారు, అందుకే పగలు రద్దీ తక్కువ. మా పిల్లలు ఎనిమిదికే పడుకుంటారు, మాకు బాణసంచాతో పనిలేదు. ముందు ప్రవేశం అరగంటలోనే ఫాంటసీల్యాండ్‌లో మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు పిల్లలకు కావలసినవన్నీ అయిపోయాయి. డంబోలో కూర్చున్నవాళ్లు లీవర్‌తో ఏనుగుని పైకి లేపచ్చు, కిందికి దించచ్చు. ఆ లీవర్ తన చేతిలో ఉండడమే పాపకు పెద్ద సంగతి. ప్రతి చుట్టులోనూ "నాన్నమ్మా, నేనే పైకి తీసుకెళ్తున్నా" అని కింద నిలబడ్డ అత్తయ్యగారికి అరిచి చెప్పింది. బాబుకి, అత్తయ్యగారికి నచ్చింది టుమారోల్యాండ్‌లో పీపుల్ మూవర్. మెల్లగా, ఎత్తు మీద, నీడలో తిరుగుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే మధ్యమధ్యలో దాన్ని ఎక్కించండి. ప్రతి పార్కు ముంగిట్లోనూ వీల్‌చెయిర్లు అద్దెకిస్తారు, మొహమాటపడకుండా తీసుకోండి. అత్తయ్యగారు మొదట వద్దన్నారు, పదకొండు గంటలకు ఆవిడే అడిగారు.

తిండి బయటి నుంచి తెచ్చుకోనిస్తారు. వేడి చేయక్కర్లేనిది అయ్యుండాలి, గాజు సీసాలు, విడి ఐసు ముక్కలు కూడదు. పులిహోర, చపాతీ చుట్టలు, పిల్లలకు పెరుగన్నం తీసుకెళ్లాం. బ్యాగు చెక్ చేసేచోట ఎవరూ ఏమీ అనలేదు. ఫుడ్ కౌంటర్లలో చల్లటి మంచినీళ్లు అడిగితే ఉచితంగా ఇస్తారు. ప్రతి పార్కులో బేబీ కేర్ సెంటర్ ఉంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌లోది మెయిన్ స్ట్రీట్ చివర, క్రిస్టల్ ప్యాలెస్ పక్కన. హై చెయిర్లు, మైక్రోవేవ్, ఏసీ, పాలిచ్చే తల్లులకు విడి గది. చంటిపిల్లలతో వెళ్లేవాళ్లు ఆ ప్రాంగణంలో అన్నిటికన్నా ముందు గుర్తుపెట్టుకోవాల్సిన చోటు అదే.

యానిమల్ కింగ్‌డమ్ మా అందరికీ ఎక్కువ నచ్చిన పార్కు. పొద్దున్నే కిలిమంజారో సఫారీ ఎక్కాలి. తెరిచిన ట్రక్కులో సుమారు ఇరవై నిమిషాలు, జిరాఫీలు, ఏనుగులు, ఖడ్గమృగాలు. ఎత్తు నిబంధన లేదు. కాస్త కుదుపులుంటాయి, నడుంనొప్పి ఉన్నవాళ్లు చూసుకోండి. ఆసియా వైపు మహారాజా జంగిల్ ట్రెక్ ఉంది. ఆనందపూర్ అనే ఊహా రాజ్యంలో పాడుబడిన కోటలా కట్టారు, గోడల మీద వెలిసిపోయిన రాజపుత్ర చిత్రాల్లాంటి బొమ్మలు, ఆ శిథిలాల మధ్య పులులు. అత్తయ్యగారు అక్కడి నుంచి కదలనంటే, మేం బాబుని స్ట్రోలర్‌లో పడుకోబెట్టుకుని ఆ నీడలోనే కూర్చున్నాం. ఆ పార్కు మిగతావాటికన్నా తొందరగా మూసేస్తారు, అదీ పిల్లలకు మంచిదే.

అక్కడికి దగ్గర్లోనే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే రెస్టారెంట్. అక్కడ బస చేయకపోయినా వెళ్లి తినొచ్చు. కిటికీ అవతల జిరాఫీలు మేస్తుంటాయి. ఆఫ్రికా వంటలకు మన రుచులు కలిపి చేస్తారు. బ్రెడ్ సర్వీస్ అడిగితే నాన్‌లు, రైతా, మామిడి, కొత్తిమీర, చింతపండు పచ్చళ్లు, వెల్లుల్లి ఊరగాయ చిన్న గిన్నెల్లో వస్తాయి. అత్తయ్యగారు ఆ వెల్లుల్లిది నాలిక మీద వేసుకుని "ఇంగువ తగల్లేదమ్మాయ్, అయినా బాగానే కుదిరింది" అన్నారు. టేబుల్ దొరక్కపోతే లౌంజ్‌లో ప్రయత్నించండి. పొద్దుటి నుంచి చల్లటి పులిహోర తిన్న కడుపులకు ఆ వేడి నాన్‌లు పెట్టిన ఖర్చుకి పూర్తిగా తగినవి.

ఎప్‌కాట్ సగం రోజు చాలు. స్కైలైనర్ వెనక గేటు దగ్గర దింపుతుంది, అక్కడి నుంచి ఎప్‌కాట్‌లో ఫ్రాన్స్ పేరుతో కట్టిన భాగంలోని రెమీ రైడ్ కొద్ది అడుగులే. తర్వాత ఫ్రోజెన్, నీమో అక్వేరియం. ఈ మూడిటికీ ఎత్తు అడ్డురాదు.

డిస్నీ ఖర్చు మరీ ఎక్కువ అనుకునేవాళ్లు వింటర్ హేవెన్‌లోని లెగోల్యాండ్ చూడండి. రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసమే కట్టింది, పక్కనే 2022లో తెరిచిన పెప్పా పిగ్ పార్కు రెండేళ్లవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. రద్దీ లేని నెలల్లో వారం మధ్య మూసే రోజులుంటాయి, క్యాలెండర్ చూసుకుని బయల్దేరండి. మీ చిన్నవాళ్లకు త్వరలో మూడేళ్లు నిండబోతుంటే మాత్రం ఆ పుట్టినరోజు రాకముందే డిస్నీకి వెళ్లిరండి, ఒక టికెట్ మొత్తం మిగులుతుంది.